రెండు నదుల నడుమ పికప్: వరదకు బండిని సిద్ధం చేయడం

మానవపాడు నుంచి మాట్లాడుతున్నా. ఈమధ్య మా ఊరి పిల్లగాళ్లు ఫోన్లో ఆస్ట్రేలియా వీడియోలు చూసి నన్ను అడిగేది ఒకటే. "అన్నా, మన బొలెరో పికప్‌ని కూడా అట్ల చేయొచ్చా?" పైన డేరా, పక్కకు పందిరి, వెనక ఫ్రిజ్, ముందు ఇనుప గార్డు. దాన్నే ఓవర్‌ల్యాండింగ్ అంటున్నారు. తిండి, నీళ్లు, పడక అన్నీ బండిలోనే పెట్టుకొని రోజుల తరబడి పోవడం.

ఆ మాట పుట్టింది ఆస్ట్రేలియాలోనే. పశువుల మందల్ని వందల మైళ్లు తోలుకుపోయేవాళ్ల నుంచి వచ్చింది. ఆ లెక్కన మన పాలమూరు గొర్రెల కాపరులు ఎప్పటినుంచో ఓవర్‌ల్యాండర్లే. గొంగడి, కుండ, ఇన్ని జొన్నలు పట్టుకొని కృష్ణ దాటి నెలల తరబడి పోయేవాళ్లు. వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటుంది, తక్కువ బరువు. దాని దగ్గరికి మళ్లీ వస్తా.

డేరా సంగతి పక్కన పెడదాం. మన నడిగడ్డలో పికప్ సిద్ధం చేసుకోవాలంటే మొదటి కారణం సరదా కాదు, వరద. 2009 అక్టోబరు 2 చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. అప్పుడు మనది మహబూబ్‌నగర్ జిల్లా. ఇటు తుంగభద్ర, అటు కృష్ణ రెండూ ఒకేసారి వచ్చాయి. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద చేరింది. కర్నూలు మునిగింది, మంత్రాలయం మునిగింది, మన పక్కన రాజోలి మునిగింది. హైదరాబాద్, బెంగళూరు రోడ్డు తెగిపోయింది.

ఇప్పుడు మ్యాపు చూడండి. మానవపాడు నుంచి ఉత్తరంగా పోతే బీచుపల్లి దగ్గర కృష్ణ బ్రిడ్జి. దక్షిణంగా పోతే కర్నూలు దగ్గర తుంగభద్ర బ్రిడ్జి. తూర్పుకు పోతే రెండు నదులూ కలిసే చోటు, శ్రీశైలం వెనక నీళ్లు. మూడు దిక్కులా నీళ్లే. మిగిలింది పడమర. ఐజ మీదుగానో, గద్వాల మీదుగానో రాయచూరు దిక్కు. రాయచూరు కూడా ఈ రెండు నదుల నడుమ ఉన్న గడ్డే. అందుకే పెద్ద నది ఒక్కటి కూడా దాటకుండా అక్కడిదాకా పోవచ్చు, పైగా అటు పోయేకొద్దీ నేల ఎత్తు. దారిలో చిన్న వాగులుంటాయి, అవే మనల్ని ఆపేది. ఎండాకాలంలోనే ఒకసారి ఆ దారిలో పోయి ఏ కల్వర్టు పల్లంలో ఉందో, ఏది ఎత్తుగా ఉందో కాగితం మీద రాసి పెట్టుకోండి. నెట్‌వర్క్ పోయినప్పుడు ఫోన్లో మ్యాపు పని చేయదు, కాగితం పని చేస్తుంది. బండికి పెట్టించే సామాను ఏదైనా సరే, ఈ కాగితం తర్వాతే.

ఇక నీళ్లలో బండి. పికప్ ఎత్తుగా ఉంటుంది కదా, రెండడుగుల నీళ్లలో పోదా అంటారు. పోదు. అమెరికా వాతావరణ శాఖ ఏళ్లుగా చెప్తున్న లెక్క ఇది: పారే నీళ్లు అడుగు ఉంటే చిన్న కార్లు కొట్టుకుపోతాయి, రెండడుగులుంటే పికప్‌లతో సహా చాలా బండ్లు కొట్టుకుపోతాయి. కారణం ఇంజను బలం కాదు. బండి ఒక క్యూబిక్ మీటరు నీటిని పక్కకు నెట్టిందంటే వెయ్యి కిలోలు తేలికైపోయినట్టే. ఖాళీ పికప్‌కు వెనక బరువే ఉండదు. వెనక టైర్లు నేలను వదిలాయంటే స్టీరింగు మన చేతిలో ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు మీద ప్రకాశ్‌నగర్ బ్రిడ్జిపై చిక్కుకున్న 9 మందిని ఒక జేసీబీ డ్రైవరు పోయి తీసుకొచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టాం, కొట్టాల్సిందే. కానీ ఆ బండి బరువు ఏడు టన్నుల పైమాట. ఆ వానల్లోనే మహబూబాబాద్ జిల్లా ఆకేరు వాగులో కారు కొట్టుకుపోయి తండ్రీ కూతుళ్లు పోయారు. పికప్ ఈ రెండిట్లో దేనికి దగ్గరో మీరే లెక్క వేసుకోండి.

స్నార్కెల్ పెట్టించాలా అని అడుగుతారు. అది ఇంజనుకు పైనుంచి గాలి ఇస్తుంది, అంతే. బండిని నేలకు కట్టి ఉంచదు. ఒకవేళ నిలిచిన నీళ్లలో ఇంజను ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండర్లోకి పోయిన నీళ్లు గాలిలాగా అణగవు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. మామూలు ఇన్సూరెన్సులో ఆ ఖర్చు రావడం కష్టం, ఇంజను ప్రొటెక్షన్ అని వేరే తీసుకోవాలి.

బరువు దగ్గరికొద్దాం. నాది 1.7 టీ మోడల్, 1,700 కిలోల సరుకు మోస్తుంది. మిరప బస్తాలు, పత్తి బేళ్లు మోసే బండి కాబట్టి నాకు బరువు భయం లేదు. కానీ షోకు కోసం డబుల్ క్యాబ్ కొనేవాళ్లు ఆర్సీ తీసి చూడండి. మొత్తం బరువు ఎంత, ఖాళీ బరువు ఎంత రాసి ఉంటుంది. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మిగిలేదే మీ లెక్క. అందులోంచి ఐదుగురు మనుషులంటే 300 కిలోలు పోతాయి. తర్వాత ఇనుప బంపరు, విన్చి, టాపు డేరా అంటూ పోతే నీళ్ల క్యాన్‌కు చోటుండదు. బాడీ మార్చాలన్నా ఆర్టీవో దగ్గర అనుమతి కావాలి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చూడండి.

నా బండి రోజూ కూలికి పోయేది. అందుకే దేన్నీ శాశ్వతంగా బిగించలేదు. ట్రాలీలో నాలుగు మూలలా కొక్కేలు వెల్డింగు చేయించా, అంతే. సామాను రెండు రేకు పెట్టెల్లో ఇంట్లోనే ఉంటుంది. జూన్ వచ్చిందంటే అటక దిగుతాయి. పెట్టెల్ని క్యాబిన్‌కు ఆనించి పెట్టి మోకుతో కట్టడానికి ఇద్దరికి పావుగంట.

మొదటి పెట్టె బండిది. పానాలు, బెల్టు, ఫ్యూజులు, పంక్చరు కిట్టు, పన్నెండు వోల్టుల గాలి పంపు, గడ్డపార, పార. జాకీ కింద పెట్టడానికి ఒక మందపాటి తుమ్మ చెక్క. ఈ చెక్క లేకపోతే తడిసిన నల్లరేగడిలో జాకీ బండిని లేపదు, తానే లోపలికి దిగుతుంది. ఇంకొకటి, లాగే మోకు. దాన్ని బంపరుకు కాదు, ఛాసిస్ కొక్కేనికి కట్టాలి. మోకు మీద తడి గోనెపట్టా వేసి మనుషుల్ని దూరం జరపాలి. తెగిన మోకు కొరడాలాగా వస్తుంది. విన్చికి పెట్టే డబ్బులతో నాలుగు మంచి టైర్లు, కొత్త బ్యాటరీ వస్తాయి. లాగడానికి ఊర్లో ట్రాక్టర్లకు కొదవా?

రెండో పెట్టె మనుషులది. నీళ్లు మనిషికి రోజుకు నాలుగు లీటర్లు, ఐదుగురికి మూడు రోజులు అంటే 60 లీటర్లు. మూడు క్యాన్లు, 60 కిలోలు. అటుకులు, పుట్నాలు, బెల్లం. పొయ్యికి ఐదు కిలోల చిన్న సిలిండరు చాలు. అది ట్రాలీలో నిలబెట్టి కట్టాలి, క్యాబిన్‌లో వద్దు. తాటిపత్రి కప్పిన ట్రాలీ లోపల పొయ్యి వెలిగించొద్దు, ఆ గాలి వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, పిల్లల సర్టిఫికెట్లు రెండు పొరల ప్లాస్టిక్ కవర్లో. 2009లో మెమోలు పోగొట్టుకొని ఎంతమంది తిరిగారో మీకు తెలుసు. ఒక చిన్న ఎఫ్ఎం రేడియో, కర్నూలు ఆకాశవాణి పట్టేది.

మా అమ్మకు షుగరు, ఇన్సులిన్ వాడుతుంది. దాని కోసం ఫ్రిజ్ కొనాలనుకున్నా. డాక్టరును అడిగితే, వాడకంలో ఉన్న సీసా ఎండ, వేడి తగలకుండా చల్లటి నీడలో ఉంటే కొన్ని వారాలు ఆగుతుందన్నారు. తడి ఇసుక పోసిన మట్టి కుండలో చిన్న గిన్నె, అందులో సీసా. ఐసు గడ్డ మీద నేరుగా పెట్టొద్దు, గడ్డకడితే మందు చెడిపోతుంది. మీ మందు సంగతి మీ డాక్టరును అడగండి.

ఇప్పుడు అసలు చిక్కు. నా బండి క్యాబిన్‌లో నాతో కలిపి ముగ్గురమే పడతాం. ఇంట్లో ఐదుగురం. గూడ్స్ బండి ట్రాలీలో మనుషుల్ని ఎక్కించకూడదు, చట్టమూ ఒప్పుకోదు, ఏమైనా అయితే ఇన్సూరెన్సూ ఇవ్వదు. మిరప కోతకు కూలీలను అట్ల తీసుకుపోయే బండ్లు ఎన్ని బోల్తా పడ్డాయో వింటూనే ఉన్నాం. కాబట్టి రెండు ట్రిప్పులు. మొదటి ట్రిప్పు అమ్మ, చిన్నోడు. రెండోది నా భార్య, పెద్దమ్మాయి. రెండు ట్రిప్పులు కావాలంటే నీళ్లు కనిపించాక బయల్దేరితే కుదరదు, వార్త వినగానే బయల్దేరాలి. బండికి ఏ సామాను పెట్టినా ఆ రెండో ట్రిప్పుకు టైము కొనలేం.

2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాము 19వ గేటు కొట్టుకుపోయింది. ఆ నీళ్లు మన దాకా రావడానికి టైము పడుతుంది, ఆ టైమే మనది. తుంగభద్ర డ్యాము నుంచి ఎంత వదిలారు, సుంకేసుల దగ్గర ఎంత ఉంది, జూరాల నుంచి ఎంత వస్తోంది, ఈ మూడు అంకెలు వానాకాలంలో రోజూ చూడండి. రెండు నదులూ కలిసి పెరుగుతున్నాయంటే ఆ పగలే మొదటి ట్రిప్పు. చీకటి పడ్డాక వాగు లోతు కనబడదు.

పశువుల్ని పికప్‌లో అన్నింటినీ తీసుకుపోలేం. బయల్దేరే ముందు బర్రెల తలుగులు విప్పండి. కట్టేసి పోతే అవి ఈదలేవు.

వచ్చే ఎపిసోడ్‌లో డాలాకు కొక్కేలు ఎక్కడ వెల్డింగు చేయించాలి, ఏ మందం రాడ్డు వాడాలి, బండి పక్కన పెట్టి చూపిస్తా. ఉంటానండి.