పాదపుటెముక విరిగినపుడు: వాపు, కమిలిక

(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలో పాదపుటెముకను గూర్చిన ప్రసంగమేమని కొందరికి తోచవచ్చును. ఇంటింటికి అక్కరకు వచ్చు తెలివిని పంచుటయు గ్రంథాలయ ధర్మమే కదా! ధాన్యపు బస్తా కాలిపై పడుట, గట్టుపై జారుట, ఎద్దు త్రొక్కుట పల్లెలలో తరచుగా జరుగునవే. అప్పుడు మొదట వినవచ్చు మాట, "నడువగలుగుచున్నాడు, ఎముక విరుగలేదు; బెణుకే, తోమిన పోవును" అని. ఈ మాట ఎంతవరకు నిజమో విచారింతము.

ఒక్కొక్క పాదమున 26 ఎముకలు కలవు. రెండింటను కలిపి 52. దేహమందలి 206 ఎముకలలో ఇంచుమించు నాలుగవ వంతు. వీనిలో ఒక సన్నని యెముక విరిగినను, తక్కినవి బరువు మోయును గనుక మనుష్యుడు కుంటుచునైనను నడువవచ్చును. బ్రిటిషు శస్త్రవైద్యుడు రాబర్ట్ జోన్స్ నృత్యము చేయుచుండగా ఆయన పాదమునకే దెబ్బ తగిలెను. స్నాయువు తెగినదని ఆయన మొదట తలచెను. ఎక్స్‌రే తీయగా చిటికెన వ్రేలి వెనుకనున్న పొడవుటెముక విరిగినట్లు తేలెను. దానిని గూర్చి ఆయన 1902లో ప్రకటించెను. నేటికిని ఆ విరుపును ఆయన పేరనే పిలుతురు. ఎముకల వైద్యునికే చాలని కంటిచూపు మనకు చాలునా?

ఎముక విరిగినపుడు చుట్టునున్న సన్నని రక్తనాళములు తెగును. నెత్తురు ఊరి, నీరు చేరి పాదము వాచును. ఆ నెత్తురు చర్మము క్రిందికి వచ్చినపుడు కమిలినట్లు కనబడును. అది పల్లమునకు జారును గనుక, దెబ్బ పాదము మీద తగిలినను కొన్ని నాళ్ళకు వ్రేళ్ళు నల్లబడవచ్చును. అంతమాత్రమున వ్రేళ్ళు విరిగినవని బెదరనక్కరలేదు. ఊదారంగు ఆకుపచ్చయై, పసుపై, సాధారణముగా రెండు మూడు వారములలో మాయును. కాని అరికాలి నడుమ కమిలినచో నడిపాదపు కీళ్ళ బంధములు తెగియుండవచ్చును, ఆలసింపరాదు.

దెబ్బ తగిలిన వెంటనే మెట్టెలు, కడియములు తీయవలెను. వాపు పెరిగిన పిమ్మట అవి రావు. కాలు మోపక, పండుకొని, పాదమును దిండ్లపై గుండెకంటె ఎత్తున నుంచవలెను. మంచుగడ్డను గుడ్డలో చుట్టి పదిహేను నిమిషములు ఉంచి తీయవలెను. తోముట, లాగుట, కాపడము పెట్టుట తగదు. తోమినచో విరిగిన యెముక స్థానము తప్పవచ్చును. పిదప ఎక్స్‌రే తీయించవలెను.

కట్టు విషయము మిక్కిలి ముఖ్యము. వాపు మొదటి రెండు మూడు నాళ్ళు పెరుగును గనుక నేడు సరిపోయిన కట్టు రేపు బిగియవచ్చును. ఆసుపత్రి పిండికట్టైనను, వెదురుబద్దల కట్టైనను వ్రేళ్ళ కొనలు కనబడుచుండవలెను. అవి పాలిపోయినను, నీలమైనను, చల్లబడినను, తిమ్మిరెక్కినను, నొప్పి నానాటికి పెరిగినను అర్ధరాత్రియని చూడక ఆసుపత్రికి పోవలెను. గంటల ఆలస్యమునకే కండలు చచ్చి కాలు పోగొట్టుకొను ప్రమాదము కలదు.

మధుమేహము గలవారికి స్పర్శ తగ్గి, విరిగినను నొప్పి తెలియకపోవచ్చును. దెబ్బ గుర్తులేకున్నను ఒక పాదము వాచి, ఎఱ్ఱబడి, వెచ్చనైనచో వైద్యునికి చూపవలెను.

ఎముక అతుకుటకు సాధారణముగా ఆరు మొదలు ఎనిమిది వారములు పట్టును. కొన్ని విరుపులకు ఇంకను ఎక్కువ. సాయంకాలపు వాపు కొన్ని మాసములుండవచ్చును. పనివేళ అని తొందరపడి వైద్యుడు చెప్పకముందే బరువు మోపినచో ఒక కారు మిగుల్చుకొనబోయి పెక్కు కార్లు పోగొట్టుకొనుటయే యగును.

ఈ మాటలను చదువు రానివారికి చదువరులు చెప్పుదురుగాక! ఈ గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లునుగాక!