తకేరు హిగుచి: మాత్రకు లెక్క నేర్పిన మేష్టారు

మందుల అట్ట మీద పేరు పక్కన ఎస్.ఆర్. అనో ఎక్స్.ఎల్. అనో అక్షరాలు చూసే ఉంటారు. మందు ఒక్కసారిగా కాక, మెల్లగా గంటల తరబడి విడుదలవుతుందని వాటి భావం. ఆ మెల్లదనాన్ని లెక్కకు తెచ్చిన వారిలో ముందుగా చెప్పుకోవలసిన పేరు తకేరు హిగుచి.

ఆయన 1918లో కాలిఫోర్నియాలో జపాను వలస కుటుంబంలో పుట్టారు. 1943లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందేనాటికి, జపాను సంతతి అన్న ఒక్క కారణంతో ఆయన తల్లిదండ్రులు వయోమింగ్ నిర్బంధ శిబిరంలో ఉన్నారు. ఆ బాధతోనే ఆయన చదువు సాగి ఉంటుంది. 1947 నుంచి విస్కాన్సిన్‌లోనే ఫార్మసీ పాఠాలు చెప్పారు. కల్వంలో నూరి కలిపే చేతి నేర్పుకు భౌతిక రసాయనశాస్త్రాన్ని జోడించారు.

1961లో ఆయన తీసుకున్న సమస్య చాలా మామూలుది: ఆయింట్‌మెంటులోంచి మందు ఎంత వేగంగా బయటికొస్తుంది? పై పొరలోని మందు ముందు వెళ్ళిపోతుంది. లోపలిది ఆ ఖాళీ అయిన పొర దాటి రావాలి. దారి పెరిగేకొద్దీ రాక మందగిస్తుంది. అందుకే మొదటి గంటకు 10 మిల్లీగ్రాములు వస్తే, 20 కావడానికి నాలుగు గంటలు, 30 కావడానికి తొమ్మిది గంటలు పడుతుంది. విడుదల పెరిగేది కాలంతో కాదు, కాలం వర్గమూలంతో! ఎంత అందమైన లెక్క! విశాఖలోనో వరంగల్‌లోనో ఎం.ఫార్మసీ విద్యార్థి ఈరోజుకీ తన మాత్ర ఫలితాలను హిగుచి గ్రాఫు గీసి చూసుకుంటాడు.

అయితే ఒంటికి కావలసింది గంట గంటకూ ఒకే మోతాదు. దానికీ దారి దొరికింది. 1967లో కాన్సాస్ విశ్వవిద్యాలయానికి మారిన హిగుచి, ఆల్జా కంపెనీకి చెందిన ఫెలిక్స్ థీవ్స్‌తో కలిసి 1970లలో ద్రవాభిసరణ పరికరాలకు పేటెంట్లు పొందారు. ఈ తరహా మాత్ర చుట్టూ నీటిని మాత్రమే లోపలికి రానిచ్చే పొర, దానికి ఒక సన్నని రంధ్రం ఉంటాయి. నీరు లోపలికి చేరేకొద్దీ, ఆ ఒత్తిడికి మందు రంధ్రంలోంచి నిలకడగా బయటికి వస్తుంది. ఖాళీ పెంకు మాత్రం కరగకుండా విరేచనంలో వచ్చేస్తుంది. అది చూసి "మందు పనిచేయలేదండీ" అని కంగారుపడేవాళ్ళున్నారు. మందంతా లోపలే దిగిపోయి ఉంటుంది. మింగడం కష్టమని ఇలాంటి మాత్రను నూరితే మాత్రం, రోజంతా రావలసిన మందు ఒక్కసారే ఒంట్లోకి చేరుతుంది. విరవవచ్చో లేదో మీ డాక్టరుగారినో, మందుల షాపులో ఫార్మసిస్టునో అడగండి.