వయస్సు మించినదన్న మాట

(వికారాబాదు, తాండూరు ప్రాంతముల గ్రామపంచాయతీ సభ్యుల యెదుట చేసిన ప్రసంగపాఠము)



గ్రామపంచాయతీ సమావేశములలో రోడ్లు, మురుగు కాలువలు, వీధిదీపములు చర్చకు వచ్చినంతగా పిల్లల చదువు చర్చకు రాదు. బడి గోడ కూలినపుడు వచ్చును. బడిలో నుండవలసిన బిడ్డ చేనిలో నున్నపుడు రాదు. అది పంతులుగారి పని యని మనము ఊరకుందుము. కాని రాజ్యాంగమునకు జరిగిన 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినప్పటినుండి 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములు 29 కలవు. ప్రాథమిక, మాధ్యమిక విద్యయు, వృత్తి శిక్షణయు, వయోజన విద్యయు, గ్రంథాలయములును, స్త్రీ శిశు అభివృద్ధియు అందు చేరియున్నవి. తల్లి ఒడినుండి వయోజనుల పలక వరకు గల చదువంతయు ఆ పట్టికలో నున్నదన్నమాట.

మనిషి నేర్చుట బడిలో మొదలుకాదు. పుట్టిననాటి శిశువు మెదడు పెద్దవారి మెదడులో సుమారు నాలుగవవంతు మాత్రమే యుండును. రెండేండ్లు నిండునప్పటికి అది నాలుగింట మూడు వంతులకు చేరును. ఆరవయేట నూటికి తొంబది పాళ్ళగును. అనగా మనము బిడ్డను ఒకటవ తరగతిలో కూర్చుండబెట్టు నాటికే మెదడు పెరుగుదల చాలవరకు జరిగిపోయినది. ఆ పెరుగుదలకు తిండి కావలెను, మాట కావలెను. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము క్రింద ఏర్పడిన అంగన్‌వాడీలు ఈ రెండింటికొరకే. అంగన్‌వాడీ యనగా గ్రుడ్డు, పాలు పంచుచోటని తలంచువారు సగము మాత్రమే తెలిసినవారు. బిడ్డతో మాటలాడుట, పాట పాడుట, కథ చెప్పుట కూడ పోషణయే.

ఏ భాషలో మాటలాడవలెను? తాండూరు కర్ణాటక సరిహద్దుకు చేరువనున్న పట్టణము. అచటి అంగడిలో తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును వినబడును. చుట్టుపట్ల తండాలలో ఇంటిభాష లంబాడీ. తండాబిడ్డ మొదటిదినమున బడికి వచ్చి మౌనముగా కూర్చుండును. ఆ మౌనమును చూచి మందబుద్ధి యనుకొనుట తగదు. ఇంటియొద్ద ఆ బిడ్డయే మేకలను లెక్కించును, అవ్వతో వాదించును. బడిలో వినబడు మాట మాత్రమే ఆమెకు క్రొత్తది. 2018లో అనేక తండాలు ప్రత్యేక గ్రామపంచాయతీలైనవి. తమ భాష తెలిసిన పెద్దలు ఇప్పుడు సర్పంచులుగను, వార్డు సభ్యులుగను ఉన్నారు. బడి తెరచిన మొదటి కొన్ని వారములు తండా స్త్రీ ఒకతె పంతులుగారి ప్రక్కన కూర్చుండి, ఆయన మాటను బిడ్డలకు ఇంటిభాషలో చెప్పు ఏర్పాటు చేయుటకు పెద్ద నిధులక్కరలేదు.

పనిచేయు బిడ్డలకు లెక్క రాదనుటయు పొరపాటే. బ్రెజిల్ దేశమున రెసీఫె నగరములో వీధులలో సరకులమ్ము పిల్లలను ముగ్గురు పరిశోధకులు పరీక్షించి, ఫలితములను 1985లో ప్రకటించిరి. అంగడిలో ఆ పిల్లలు చిల్లర లెక్కను దాదాపు తప్పులేకుండ చెప్పిరి. ఆ లెక్కనే కాగితముమీద నిచ్చినపుడు అనేకులు తప్పిరి. దీనిని ఆధారము చేసికొని కూలిపనియే చదువు కాదా యని అడుగువారు మన గ్రామములలో కలరు. వారితో నేను ఏకీభవింపను. కందిచేనిలో బిడ్డ నేర్వదగినది మొదటి కొన్నివారములలో నేర్చును. ఆపైన అదే కొడవలి, అదే సాలు. బడిలో నయిన ప్రతి సంవత్సరము క్రొత్తది వచ్చును.

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచినది పది, పండ్రెండేండ్లు వచ్చియు బడి మెట్టెక్కని బిడ్డను గూర్చి. వయస్సు మించినదందురు. చిన్నపిల్లల నడుమ ఒకటవ తరగతిలో ఎట్లు కూర్చుండునందురు. ఆ మాటతో ఆ బిడ్డ చదువు ముగియును.

ఆ మాట తప్పని నిరూపించినది మన ప్రాంతమే. 2016 అక్టోబరు 11న వికారాబాదు జిల్లా ఏర్పడువరకు వికారాబాదు, తాండూరు రెండును రంగారెడ్డి జిల్లాలోనివి. 1991 నుండి ఆ జిల్లా గ్రామములలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషను వారు పనిచేయు పిల్లలను బడిలో చేర్చు కార్యమునకు పూనుకొనిరి. (వెంకటరంగయ్యగారు స్థానిక స్వపరిపాలనపై గ్రంథములు వ్రాసిన పండితులు, పంచాయతీ సభ్యులు వారిని గుర్తుంచుకొనుట న్యాయము.) ఈ కృషికి నాయకత్వము వహించిన శాంతా సిన్హాగారికి 2003లో రామన్ మెగసెసే పురస్కారము లభించినది.

వారి పద్ధతి యేమన, పెద్దబిడ్డను ఒకటవ తరగతిలో వేయరు. శిబిరములో ఉంచి, కొన్ని నెలలు మొదలు సంవత్సరము, అంతకు కొంచెము పైబడిన కాలము చదువు చెప్పి, వయస్సుకు తగిన తరగతిలో చేర్పింతురు. ఇది ఎట్లు సాధ్యము? అయిదేండ్ల బిడ్డకు ‘కొనుట’, ‘అమ్ముట’, ‘అప్పు’ అను మాటలకు అర్థము చెప్పవలెను. పండ్రెండేండ్ల బిడ్డ వాని నెరిగియే యున్నది. ఆమెకు కావలసినది అక్షరము, అంకె మాత్రమే. కావున చిన్నబిడ్డకు ఏండ్లు పట్టునది ఆమెకు నెలలలో పట్టుబడును. సోవియట్ మనస్తత్త్వవేత్త వైగాట్‌స్కీ (1896–1934) చెప్పినట్లు, నేడు తెలిసినవారి తోడుతో చేయగలిగినదానిని బిడ్డ రేపు ఒంటరిగా చేయగలుగును.

ఈ అనుభవము నేడు చట్టమైనది. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము 4వ సెక్షను ప్రకారము, బడి మానిన లేక చేరని బిడ్డను వయస్సుకు తగిన తరగతిలోనే చేర్చుకొనవలెను. ప్రత్యేక శిక్షణ నీయవలెను. 14 ఏండ్లు దాటినను ప్రాథమిక విద్య పూర్తియగువరకు ఉచితముగా చదువనీయవలెను. ఇక వయస్సు మించినదను మాటకు చట్టములో చోటులేదు.

ఎదుగు వయస్సు బిడ్డలను గూర్చి ఒక్కమాట. మంచిచెడ్డలు తూచి నిర్ణయించు మెదడు ముందుభాగము ఇరువదియేండ్లు దాటిన తరువాత కూడ పక్వమగుచునే యుండును. పదునైదేండ్ల బాలికకు పెండ్లిచేసి, పదునారేండ్ల బాలుని రాళ్ళగనికి పంపినచో ఆ ఎదుగుదల నడుమ చేయి అడ్డుపెట్టినట్లగును. 2016 నాటి చట్టసవరణ 14 ఏండ్లలోపు వారిని పనిలో పెట్టుటను నిషేధించుటయే గాక, 18 ఏండ్లలోపు వారిని గనులవంటి ప్రమాదకరమైన పనులలో పెట్టుటను గూడ నిషేధించినది.

పెద్దలు నేర్వలేరా? తాండూరు నాపరాయి పొరలుపొరలుగా నుండును. ఆ పొర నెరిగి బండ పగులకుండ విడదీయుట పనివారు పుస్తకములో చదువలేదు. పెరిగిన వయస్సులోనే ఒకరిని చూచి ఒకరు నేర్చిరి. అక్షరమునకును ఇదే వర్తించును. దూరపు ఉదాహరణమైనను నెల్లూరు జిల్లాను తలంపవలెను. అక్షరాస్యతా ఉద్యమములో రాత్రిబడికి వచ్చిన స్త్రీలు తమ ఇండ్ల దుస్థితిని తామే చదివి చర్చించుకొనిరి. 1992లో దూబగుంటనుండి లేచిన సారా వ్యతిరేకోద్యమమునకు బలము వారే. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడినది. వయోజన విద్య యనగా సంతకము నేర్చుట యనుకొనువారికి ఇది సమాధానము.

కందికోత డిసెంబరు, జనవరి నెలలలో వచ్చును. బడి మానుటలు ఎక్కువగునది అప్పుడే. దానికి ముందు జరుగు గ్రామసభకు మూడు పేర్లపట్టికలు తెప్పింపుడు: అంగన్‌వాడీకి రాని బిడ్డలు, బడిలో లేని 6 నుండి 14 ఏండ్లవారు, చదువ నేర్వగోరు పెద్దలు. రెండవ పట్టికలోని ప్రతి పేరునకు ఎదురుగా, ఆ ఇంటికి పోయి మాటలాడవలసిన వార్డు సభ్యుని పేరు ఆ సభలోనే వ్రాయింపుడు.