వెదురు ఆర్గను నేర్పే పాఠం



ఉత్సవపు పూజలకు మన గుడిలో ఒక కొత్త వాద్యం వుండాలని యువకులు కోరుతున్నారు. చందా పుస్తకం మీ ఇళ్ళకు వచ్చేముందు గుడిపాటను గూర్చి, వాద్యాలను గూర్చి నాలుగు మాటలు చెప్పమని గురువులు నన్ను ఆజ్ఞాపించారు. నేను సంగీత పండితుణ్ణి కాను. చాలాకాలం గుడిలో పాటలు పాడించినవాణ్ణి, అంతే.

యూరోపు ఖండంలోని పెద్ద దేవాలయాలలో పైపు ఆర్గను అనే వాద్యం వుంటుంది. గోడ ఎత్తున వరుసగా గొట్టాలు నిలబడి వుంటాయి. ఇది పుట్టింది గుడిలో కాదు. క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా నగరంలో క్తెసిబియోస్ అనే యంత్ర నిపుణుడు, నీటి బరువుతో గాలిని నొక్కి గొట్టాలలోకి పంపే వాద్యాన్ని చేశాడు. ఎన్నో వందల యేండ్ల తరువాతనే అది దేవాలయంలో అడుగుపెట్టింది.

దాని పనితీరు కమ్మరి కొలిమి చూచినవారికి సులువుగా బోధపడుతుంది. తిత్తి ఊదితే గాలి ఒక పెట్టెలో నిండుతుంది. వాయించేవారు మెట్టు నొక్కగానే పెట్టెమీది చిన్న మూత తెరుచుకొని, గాలి గొట్టంలోకి పోయి పలుకుతుంది. పొడుగు గొట్టానిది గంభీరమైన గొంతు, పొట్టి గొట్టానిది సన్నని గొంతు. మన పిల్లనగ్రోవి ఒక్క గొట్టంతోనే అన్ని స్వరాలు పలుకుతుంది. ఆర్గనులో ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్క గొట్టం కావాలి. మనం ఎరిగిన హార్మోనియం దీనికి చిన్న తమ్ముడు. తిత్తి వుంది, మెట్లు వున్నాయి, గొట్టాలకు బదులు సన్నని లోహపు నాలుకలు వున్నాయి. పారిసు నగరంలో దెబాన్ అనే ఆయన 1842లో హార్మోనియానికి పేటెంటు తీసుకున్నాడు. నేలమీద కూర్చొని ఒక చేత్తో తిత్తి ఊదుతూ వాయించే రూపం ఆ శతాబ్ది చివరిభాగంలో కలకత్తాలో కుదిరింది.

ఇంత పెద్ద వాద్యం సంగతి అడవి అంచున వున్న మనకెందుకని మీరనవచ్చును. అందుకే ఫిలిప్పీన్సు దేశంలోని ఒక విచారణ కథ చెబుతాను.

మనీలా నగరానికి దగ్గరలో లాస్ పిన్యాస్ అనే ఊరు వుంది. సుమారు రెండువందల యేండ్ల క్రిందట అక్కడ దియెగో సెరా అనే స్పెయిను దేశపు గురువులు విచారణ చూచుకొనేవారు. ఆయనకు ఆర్గనులు చేయటం తెలుసు. ఆ ఊళ్ళో సమృద్ధిగా దొరికేది వెదురు. 1816లో ఆయన వెదురుతోనే ఆర్గను మొదలుపెట్టారు. కోసిన బొంగులను సముద్రపు ఇసుకలో చాలాకాలం పాతిపెట్టి, పురుగు పట్టదని నమ్మకం కుదిరిన తరువాతనే పనిలోకి తీసుకున్నారు. 1824లో పని పూర్తయింది. మొత్తం 1031 గొట్టాలు. అందులో 902 వెదురువి, 129 లోహానివి. బూరల వంటి గొంతులు వెదురులో పలకవు గనుక వాటికి లోహం వాడారు. స్థానికమైన దానిని గౌరవించారు, అవసరమైనచోట పైనుండి వచ్చినదానిని కాదనలేదు.

తరువాత భూకంపం వచ్చింది, తుఫాను వచ్చింది. ఆర్గను చాలాకాలం సరిగా పలుకక పడివుంది. 1973లో దాని భాగాలను జర్మనీలోని బాన్ నగరానికి పంపి, క్లైస్ అనే ఆర్గను శాలలో బాగుచేయించారు. 1975లో అది తిరిగివచ్చి గుడిలో మ్రోగింది. నేటికీ ఏటేటా దాని పేర సంగీతోత్సవం జరుగుతున్నది. 2024తో దానికి 200 యేండ్లు నిండాయి.

సహోదరులారా, వెదురు మనకు కొత్తదా? భద్రాచలం అడవిలో వెదురుకు పేరు. తడికలకు, బుట్టలకు, చాటలకు, ఇంటి కప్పుకు అదే. పుప్పి పట్టకుండా బొంగులను నీళ్ళలో నానవేయటం మన వాళ్ళకూ తెలుసు. మనం బుట్ట అల్లుకునే వెదురు మరొక దేశంలో దేవుని స్తుతిస్తున్నది. మన చేతిలో వున్నది దేవుని సన్నిధికి తగదని మనమెందుకు సిగ్గుపడాలి?

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. ఒక క్రిస్మస్ జాగరణ పూజకు నేను పాడించే గుడిలో కీబోర్డు అద్దెకు తెప్పించాను. క్యాసెట్టులో విని పిల్లలకు కొత్త బాణీలు నేర్పాను. పెట్టెలు హోరెత్తాయి, గుడి అదిరింది, నేను పొంగిపోయాను. మహిమగీతం నడుమ కరెంటు పోయింది. వాద్యం ఆగింది, మైకు ఆగింది, పిల్లలు బెదిరి ఆగిపోయారు. గుడినిండా జనం వున్నారు. అడవి పల్లెల నుండి నడిచివచ్చిన కోయ అక్కలు, అన్నలు వున్నారు. ఒక్క గొంతు కూడా లేవలేదు. ఆ పాట వారికెవరికీ రాదు. గురువులు మిగతా గీతాన్ని కొవ్వొత్తి వెలుగులో చదివి ముగించారు. పూజ అయ్యాక ఒక ముసలమ్మ నాతో, “అయ్యా, మునుపు మేమూ పాడేవాళ్ళం గదా” అన్నది. ఆ మాట నేటికీ నన్ను వదలలేదు.

ద్వితీయ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న దైవార్చనను గూర్చిన శాసనాన్ని వెలువరించింది. అందులో పైపు ఆర్గనుకు గొప్ప గౌరవం ఇచ్చింది. అధికారుల అనుమతితో ఇతర వాద్యాలనూ వాడవచ్చునన్నది. అయితే అవి ఆరాధనకు తగినవిగా, ఆలయ గౌరవానికి ఒప్పేవిగా, విశ్వాసులకు నిజంగా మేలుచేసేవిగా వుండాలన్నది. ఆయా జాతుల సొంత సంగీతానికి తగిన స్థానం ఇవ్వాలన్నది. పాటలో విశ్వాసులందరూ పాలుపంచుకోవాలన్నది. నేను ఆ రాత్రి మరచింది ఈ చివరి మాటనే.

కాబట్టి వాద్యం కొనవద్దని నేననను. యువకుల ఉత్సాహం దేవుని వరమే. కొనే ముందు మూడు పనులు చేద్దామని మాత్రం వేడుకుంటున్నాను.

మొదటిది, పూజకు కావలసిన పది పాటలు, కరెంటు వున్నా లేకున్నా గుడిలో అందరికీ నోటికి వచ్చేటట్లు నేర్పుదాం. పూజకు ముందు పావుగంట చాలు. రెండవది, ఉన్న హార్మోనియం తిత్తి బాగుచేయించి, ఇద్దరు పిల్లలకు వాయించటం నేర్పిద్దాం. వాయించేవారు లేని వాద్యం బీరువాలో సామానుతో సమానం. మూడవది, గురువుల అనుమతితో మన కోయ సహోదరులను పిలిచి, వారి డోలు, పిల్లనగ్రోవి, వారి బాణీలు పూజకు ఎక్కడ ఒప్పుతాయో వారినే అడుగుదాం. మనమే నిర్ణయించి వారిని కూర్చోబెట్టవద్దు.

ఈ మూడూ అయిన తరువాత కొత్త వాద్యం వస్తే, అందరికంటే ముందు నా చందా వ్రాసుకోండి.

ఆర్గనులో వెయ్యి గొట్టాలున్నా గాలి లేకుంటే మూగది. మనమంతా ఒక్కొక్క గొట్టం. కొందరిది పొడుగు, కొందరిది పొట్టి, కొందరిది లోహం, కొందరిది అడవి వెదురు. పవిత్రాత్మ ఊపిరి అందరిలోనూ పోవాలి. ఏ ఒక్క గొట్టాన్నీ మనం మూయకుందుముగాక.

సెలవు. దేవుడు మిమ్మును దీవించునుగాక.