జూన్ ఫీజులు, తాకట్టు కాగితం

బడులు తెరిచే రోజులొచ్చాయి. ఏటా ఈ రోజుల్లో నన్ను అందరూ అడిగేది ఒకటే: "సార్, పిల్లల ఫీజు కట్టాలి, బంగారం కుదువ పెట్టమంటారా?" తప్పనిసరైతే పెట్టండి. బంగారం ఉన్నదే అవసరానికి ఆదుకోవడానికి. కానీ ఏడాది తిరిగాక ఆ తాకట్టు కాగితాన్ని తిరగరాయించొద్దు.

నేను బ్యాంకులో అప్పులు చూసే రోజుల్లో ఒక జంట వచ్చారు. ఆయన ఆటో నడుపుతాడు, ఆమె బట్టలు కుడుతుంది. మూడు తులాల హారం, మూడు తులాల గాజులు బజార్లో ఒక వ్యాపారి దగ్గర పెట్టి లక్ష తెచ్చారు. నూటికి రెండు రూపాయల వడ్డీ. రెండే కదా అనిపిస్తుంది. నెలకు రెండంటే ఏడాదికి ఇరవై నాలుగండీ! మళ్లీ జూన్ వచ్చేసరికి వడ్డీకి డబ్బు లేదు. "ఏం ఫర్వాలేదమ్మా, బంగారం రేటు పెరిగింది, వడ్డీ కలిపి కొత్త కాగితం రాసుకుందాం" అన్నాడు వ్యాపారి. అప్పు 1,24,000 అయింది. ఆ పై జూన్‌కి 1,53,760. మూడో ఏడు 1,90,662. నేనీ లెక్క రాసి చూపిస్తే ఆమె, "మాకిచ్చింది లక్షే కదా సార్?" అంది. లక్షేనమ్మా. మిగతాది వడ్డీ, దాని మీద మళ్లీ వడ్డీ.

రేటు పెరిగిన కొద్దీ వ్యాపారికి ధీమా. మన అప్పు పెరుగుతున్నా ఎవరూ తొందర పెట్టరు, అందుకే మనకూ తెలియదు. హారం అమ్మేసి అప్పు తీర్చి, గాజులు విడిపించుకోమన్నాను. పుట్టింటివాళ్లు పెట్టిన హారమని ఆమె కన్నీళ్లు పెట్టుకుంది. నాకూ కష్టమనిపించింది, కానీ ఇంకో ఏడాది ఆగితే గాజులూ దక్కవని చెప్పాను. చివరికి అమ్మారు. గాజులు ఇంటికొచ్చాయి.

అందుకే మళ్లీ చెబుతున్నాను, తిరగరాయించొద్దు. కుదువ పెట్టిన నెల నుంచే వడ్డీ కట్టేయండి. చేతిలో డబ్బు పడినప్పుడల్లా, అది వెయ్యయినా సరే, అసలులో జమ వేయించి రసీదు తీసుకోండి. పెట్టేముందు బ్యాంకులో వడ్డీ ఎంతో కనుక్కోండి. ఎవరు వడ్డీ చెప్పినా "ఏడాదికెంత?" అని అడగండి.

వచ్చే జూన్ సంగతి ఇప్పుడే చూసుకోవాలి. ఫీజు 60,000 అయితే ఈ నెల నుంచే నెలకు 5,000 చొప్పున బ్యాంకులో ఏడాదికి ఆర్‌డీ కట్టండి. అంత కుదరకపోతే సగమే కట్టండి, వచ్చే ఏడాది చేసే అప్పు సగమవుతుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. రిజిస్టర్ కాని చీటీల్లో ఫీజు డబ్బు వేయొద్దు. ఫోన్లో అప్పిచ్చే యాప్‌ల జోలికి పోవద్దు. పొదుపు సంఘంలో ఉన్నవాళ్లు ముందు అక్కడ అడగండి. సంపాదించే మనిషికి యాభై ఏళ్లు దాటకపోతే బ్యాంకులో ఏడాదికి 436 రూపాయల జీవనజ్యోతి, 20 రూపాయల సురక్ష బీమా చేయించండి.

ఇక తాకట్టులో బంగారం ఉన్నవాళ్లు ఈ రాత్రే కాగితం బయటికి తీయండి. భార్యాభర్తలిద్దరూ కూర్చుని అసలెంత, వడ్డీ ఎంత, గడువు ఏ తారీఖు అని క్యాలెండర్ మీద రాయండి. గడువుకి రెండు నెలల ముందు కూడా గుర్తు పెట్టుకోండి. ఆ రోజుకి డబ్బు సమకూరేలా లేకపోతే ఏ నగ అమ్మాలో అప్పుడే మాట్లాడుకోండి. తిరగరాయించడానికి మాత్రం వెళ్లొద్దు.