పాడియు, కోళ్లును, కంటికి కానరాని జీవులును
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన యుపన్యాసము)



పాలకడలిని మథించినపుడు హాలాహలమును, అమృతమును ఆ యొక్క కడలినుండియే వెలువడినవని భాగవతము చెప్పుచున్నది. గత శతాబ్దమున నట్టి మథనమొకటి జరిగినది. దానిని నడపినవారు తెలుగువారు. కావున ఆ కథ తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల పాడిరైతులు వినదగినది.

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలకు పరిశోధనాధ్యక్షులుగా నుండిరి. వారి యాజమాన్యమున బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని యొక సూక్ష్మజీవినుండి బంగారు వన్నె గల మందును సాధించెను. అదియే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిది. 1948లో అది లోకమునకు ప్రకటితమయ్యెను. ఆ యేటి ఆగస్టులోనే సుబ్బారావుగారు కాలధర్మము నొందిరి. వారు విడిచిపోయిన మందు ఎందఱినో మృత్యుముఖమునుండి తప్పించినది.

ఆ ప్రయోగశాలలోనే థామస్ జ్యూక్స్ అను శాస్త్రజ్ఞుడు, మందు తీయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు మేపి చూచెను. పిల్లలు అనుకొన్నదానికంటె త్వరగా బరువెక్కినవి. 1950లో ఈ సంగతి వెల్లడియగుటతో, రోగము లేని పశుపక్ష్యాదులకును దాణాలో కొలదికొలదిగా మందు కలుపుట పరిపాటి యయ్యెను. జమపద్దు అందఱికి కనబడినది. ఖర్చుపద్దు ఎవరును వ్రాయలేదు.

ఆ ఖర్చును లెక్కగట్టినవాడు బోస్టను నగరమున టఫ్ట్స్ విశ్వవిద్యాలయములోని సూక్ష్మజీవశాస్త్రజ్ఞుడు స్టూవర్ట్ లెవీ. ఆయన ఒక రైతుకుటుంబమువారి దొడ్డిలో కొన్ని కోళ్లకు టెట్రాసైక్లిన్ జాతి మందు కలిపిన దాణా పెట్టించెను. వారము దినములలో ఆ కోళ్ల ప్రేగులలోని సూక్ష్మజీవులు ఇంచుమించుగా నన్నియు ఆ మందునకు లొంగనివయ్యెను. అయిదాఱు నెలలకు, ఆ మందు పుచ్చుకొనని యింటివారి కడుపులలోను అట్టివి ప్రబలినవి. వారవారము జరిపిన పరీక్షలలో ఆ యింటివారి మలమున మొండి సూక్ష్మజీవులు మిక్కుటముగా నున్నవి నూటికి 31. ఇరుగుపొరుగువారిలో నూటికి 7 మాత్రమే. 1976లో ఈ ఫలితములు ప్రకటింపబడినవి.

ఇది యెట్లు జరుగును? ఒక సూక్ష్మజీవి తన మొండితనమునకు కారణమైన బీజద్రవ్యమును, దస్తావేజునకు నకలు వ్రాసి యిచ్చినట్లు, ప్రక్కదానికి అందీయగలదు. పుచ్చుకొనునది స్వజాతియే కానక్కరలేదు. కోడిలో, గేదెలో పైకి ఏ జబ్బును కనబఱచక నివసించు సాల్మనెల్లా, ఇ. కోలై రకములు కొన్ని పేడ, పెంట, పాలు, గ్రుడ్లు, మాంసము ద్వారా మనలను జేరి వాంతులు, విరేచనములు, జ్వరము కలిగించును. అవి మందునకు లొంగనివైనచో, రోగము ముదిరిన పసిబిడ్డకు వైద్యుడిచ్చు ఔషధము వ్యర్థమగును. కోళ్లదొడ్డిలో చేసిన అప్పు ఇంటి ఊయలకడ వసూలగును.

పెరుగుదలకై మందు మేపుటను ఐరోపా సమాఖ్య 2006లో మాన్పించినది. ఇతర మందులు పనిచేయనపుడు మానవులకు కడపటి దిక్కగు కొలిస్టిన్‌ను ఆహారమునకై పెంచు పశుపక్ష్యాదులకు వాడరాదని భారత ప్రభుత్వము 2019లో నిషేధించినది.

అయినను చట్టము దొడ్డివాకిటివఱకే వచ్చును. లోపలి పని రైతుది. పొదుగువాపు వచ్చిన గేదెకు పశువైద్యుడు చెప్పిన మోతాదున, చెప్పినన్ని దినములు మందు వాడవలెను. ఆయన వలదన్న దినముల పాలు ఎవరికిని పోయరాదు. కాచినంతమాత్రమున మందు శేషము పూర్తిగా పోదు. తక్కిన పాలను పొంగు వచ్చువఱకు కాచి త్రాగవలెను. గ్రుడ్లు, మాంసము బాగుగా ఉడుకవలెను. పేడ తీసిన చేతులు సబ్బుతో కడుగవలెను. రేపల్లె వైపు రొయ్యల చెరువులకును ఇదే నీతి: నిషిద్ధౌషధముల శేషము కనబడిన సరకును విదేశములు త్రిప్పి పంపుచున్నవి. సందేహము కలిగినవారు పశువైద్యశాలకు పోవచ్చును. బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945నుండి యున్నది. గ్రంథాలయము నేర్పిన చదువు దాణా బస్తాపై అచ్చైన అక్షరములు చదువుటకును అక్కఱకు రావలెను.

హాలాహలమును కంఠమున నిలుపుటకు ఆనాడు పరమేశ్వరుడు గలడు. మన పసిబిడ్డలకు ఆ కంఠబలము లేదు. కావున తెలుగుబిడ్డ నడపిన మథనమున వెలువడిన అమృతమును రోగికే దాచియుంచుట మన విధి.