చెవి మిషనుకు తగిన బ్యాటరీ

నేను మిర్చి రైతును. చెవి మిషను లేనిదే నాకు మాట వినబడదు. ఒకనాడు గుంటూరు మిర్చియార్డులో నా మిషను మూగబోయినది. దగ్గరి అంగడిలో పాత బ్యాటరీ చూపి, అంత వెడల్పు గలదానినే కొంటిని. మిషను క్షణము పలికి, మరుక్షణ మూరకుండెను. వ్యాపారి చెప్పిన ధర సగమే విని తలయూపితిని. పట్టీ చేతికి వచ్చిన పిమ్మట గాని నష్టము తెలియలేదు.

లోపమెక్కడ? నా మిషనుకు కావలసినది 13వ నంబరు. నేను కొన్నది 312. రెండింటి వెడల్పును 7.9 మిల్లీమీటర్లే. కాని మొదటిదాని మందము 5.4, రెండవదానిది 3.6. పలుచని బిళ్ల గూటిలో కదలును. నంబరు పెద్దదైనంత మాత్రమున బిళ్ల పెద్దది కాదు. కావున కొనునపుడు నంబరు చూడుడు. చదువురానివారు రంగు చూడుడు: 10కి పసుపు, 312కి గోధుమరంగు, 13కి నారింజ, 675కి నీలము.

మరియొక మాట. ఇవి గాలి సోకి పనిచేయు జింకు బ్యాటరీలు. అంటించిన రంగుకాగితము తీసి, ఒక నిముషము గాలి తగులనిచ్చి అమర్చవలెను. ముందుగా తీసి దాచిన, శక్తి వృథాగా తరిగిపోవును.

ఇప్పుడు యార్డుకు పోవునపుడెల్ల నారింజరంగు అట్ట యొకటి నా జేబులో నుండును. మాట వినబడినగాని బేరము మనది కాదు.